మొత్తం సరిపోయింది, ఇళ్లే సరిపోలేదు

ఏప్రిల్ చివరి వారం, సాయంత్రం ఐదు దాటింది. ల్యాబ్‌లో పద్నాలుగు మంది విద్యార్థులు, తిరుగుతున్నా గాలి తగలని రెండు ఫ్యాన్లు, ఒక ప్రొజెక్టరు. తెర మీద రెండు అంకెలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి నల్లగొండలో రామగిరి వైపున్న ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీటరులో గత ఏడాది మే నెలకు నమోదైన యూనిట్లు. రెండోది ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న భవనాలన్నీ కలిపి ఎంత వాడి ఉండాలో మా కంప్యూటర్ నమూనా చెప్పిన లెక్క. రెండింటికీ తేడా నూటికి మూడు. పిల్లలు బల్లలు చరిచారు. నేను కూడా లోలోపల పొంగిపోయాను. క్యాంటీన్ నుంచి అందరికీ టీ తెప్పిద్దామని పర్సు తీశాను.

వెనక వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మా ఇల్లు కూడా ఈ ట్రాన్స్‌ఫార్మర్ కిందే వస్తుంది. మా ఒక్క ఇంటికి ఎంత వచ్చిందో చూడవచ్చా?"

చూశాం. 612 యూనిట్లు. ఆమె ఫోనులో పాత ఫొటోలు వెతికి ఆ నెల బిల్లు చూపించింది. 171.

"మా ఇంట్లో ఏసీయే లేదు మేడమ్," అంది, తప్పు తనదే అన్నట్టు.

ఆ రోజు టీ తెప్పించలేదు. తర్వాతి ఐదు వారాలు ఏం చేశామన్నదే ఈ కేస్ స్టడీ.

ఎందుకు ఈ పాఠం, ఎందుకు ఈ ఊరు

నా వృత్తి భవనాల విద్యుత్ వాడకాన్ని లెక్కగట్టడం. హైదరాబాదులో ఆఫీసు భవనాలకు ఆ పని చేస్తూ, వారానికి రెండు రోజులు నల్లగొండలో ఒక ఇంజినీరింగ్ కళాశాలకు వచ్చి సివిల్, ఎలక్ట్రికల్ చివరి ఏడాది విద్యార్థులకు ఒక ఐచ్ఛిక పాఠం చెబుతున్నాను. ఒక్క భవనాన్ని నమూనా చేయడం పాత విద్యే. గోడలు, కప్పు, కిటికీలు, లోపలి మనుషులు, యంత్రాలు, బయటి వాతావరణం ఇస్తే ఏడాదిలోని 8760 గంటలకూ ఎంత వేడి లోపలికి వచ్చింది, దాన్ని బయటికి తోయడానికి ఎంత కరెంటు పట్టింది అన్నది ఎనర్జీప్లస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి పెడుతుంది. ఇదే పనిని ఊరంతటికీ చేయాలంటే ప్రతి ఇంటికీ వెళ్లి గోడ మందం కొలవలేం. అందుకని ఇళ్లను కొన్ని మూసలుగా విడదీస్తాం. ఎప్పుడు కట్టారు, దేనితో కట్టారు, దేనికి వాడుతున్నారు అన్న మూడు ప్రశ్నలతో ఒక్కో మూస తయారవుతుంది. ఉపగ్రహ చిత్రాల్లోంచి వచ్చిన ప్రతి కప్పుకూ ఒక మూసను తగిలిస్తాం. అంతస్తులు చెబుతాం. పక్క భవనాల నీడ ఎంత పడుతుందో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

ఇంత చేసి ఏమిటి లాభం అని మొదటి రోజే ఒకబ్బాయి అడిగాడు. నల్లగొండ పిల్లలకు కరెంటు పుట్టే చోట్లు బాగా తెలుసు. జిల్లాలోనే దామరచర్ల మండలంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, అటు నాగార్జునసాగర్‌లో జలవిద్యుత్ కేంద్రం ఉంది. రెండింటికీ బడి రోజుల్లోనో కళాశాల రోజుల్లోనో వెళ్లి వచ్చినవారే. ఆ కరెంటు తమ వీధిలో ఏ గదిలో, ఏ గంటలో, ఎందుకు ఖర్చవుతుందో మాత్రం ఎవరూ చూపించలేదు. కప్పులకు తెల్ల రంగు వేస్తే ఎవరికి ఎంత మేలు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలా వద్దా, సోలారు పలకలు ఏ వీధిలో ముందు పెట్టాలి లాంటి ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుందని చెప్పాను. అతను తల ఊపాడు. నమ్మినట్టు మాత్రం అనిపించలేదు.

మెట్ల కింద బోర్డు

కప్పుల హద్దుల కోసం గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే రెండు ఉచిత పటాలు తీసుకుని, పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పరిచాం. మేం ఎంచుకున్న ట్రాన్స్‌ఫార్మర్ కింద 64 కప్పులు తేలాయి. అంతస్తుల లెక్క నడిచి రాసుకొమ్మన్నాను. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకే, ఎండ ముదరకముందే. మొదటి రోజే వాళ్లు కప్పుల జాబితాను ఎర్ర సిరాతో నింపుకొచ్చారు. ఉపగ్రహానికి భవనంలా కనిపించిన మూడు కప్పులు కార్లు పెట్టే రేకుల షెడ్లు. ఒకే కప్పుగా కనిపించినది గోడకు గోడ ఆనుకుని అన్నదమ్ములు పంచుకున్న నాలుగు ఇళ్లు. జీ ప్లస్ వన్ అనుకున్నచోట పైన రేకులతో వేసిన పెంట్‌హౌస్, అందులో అద్దెకు ఒక కుటుంబం.

ఒక జట్టును ఒక మూడంతస్తుల ఇంటి మెట్ల కిందికి తీసుకెళ్లాను. అక్కడ నల్లటి చెక్క బోర్డు మీద ఆరు మీటర్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద సుద్దముక్కతో రాతలు: "కింద ముందు", "కింద వెనక", "మేడ", "పైన", "షట్టరు", "మోటరు". ఆరోది బోరు మోటరుది. దాని బిల్లును మిగతా ఐదు పోర్షన్లూ సమానంగా పంచుకుంటాయట. మా నమూనాలో ఆ ఇల్లు ఒక కప్పు, ఒక మూస, ఒక కుటుంబం. పిల్లలు ఆ బోర్డును చాలాసేపు చూశారు. ఆ ఫొటోను తర్వాత ల్యాబ్ గోడకు అంటించారు. మొత్తం 64 కప్పుల కింద 118 మీటర్లు లెక్కకు వచ్చాయి.

ఇళ్లవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల నుంచి మాత్రమే పన్నెండు నెలల బిల్లులు తీసుకున్నాం. పేరు, సర్వీసు నంబరు అక్కడికక్కడే కొట్టేసి ఒక వరస సంఖ్య వేశాం. ఫలానా ఇంట్లో పగలు కరెంటు వాడకమే లేదంటే ఆ ఇంట్లో పగలు ఎవరూ ఉండరని అర్థం. అది బయటికి పొక్కకూడదన్న సంగతి పిల్లలకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సుద్దముక్కతో స్లాబు

సాఫ్ట్‌వేరు ముట్టుకోకముందు ఒక స్లాబు లెక్క బోర్డు మీద చేయించాను. ఇది నా పాత అలవాటు, కొందరికి విసుగు కూడా. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు. మందం 0.125 మీటర్లు, కాంక్రీటు ఉష్ణవాహకత 1.58. భాగిస్తే నిరోధం 0.08. పైన గాలి పొరకు 0.04, వేడి కిందికి దిగేటప్పుడు లోపలి గాలి పొరకు 0.17. మొత్తం 0.29. దాన్ని తిరగేస్తే సుమారు 3.5. అంటే కప్పుకు అటూ ఇటూ ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు మూడున్నర వాట్ల వేడి కిందికి కారుతుంది. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో కప్పుకు ఇచ్చిన పరిమితి 1.2. మన మామూలు స్లాబు అందుకు దాదాపు మూడు రెట్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఇదే లెక్క చేస్తే ఇరువైపులా ప్లాస్టరుతో కలిపి 2 దగ్గర వస్తుంది.

గోడకన్నా కప్పు చెడ్డదని అంకెల్లో తేలింది. అసలు కథ సూర్యుడిది. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద ఎండ పడనే పడదు, దెబ్బంతా డాబాకే. మధ్యాహ్నం రెండున్నరకు కళాశాల డాబా మీదికి అందరినీ ఎక్కించి వేడి కొలిచే తుపాకీ చేతికిచ్చాను. నేలకు గురిపెట్టిన అబ్బాయి అంకె చూసి తుపాకీ పాడైందనుకుని తన అరచేతి మీద మళ్లీ కొలుచుకున్నాడు. నీళ్ల ట్యాంకు నీడలో ఉన్న జానెడు చోటుకూ పక్కనే ఎండలో ఉన్న చోటుకూ తేడా చెప్పులు విప్పి తెలుసుకొమ్మన్నాను. చెప్పు విప్పిన ఇద్దరూ ఆ కోర్సులో ఇంకే పాఠం మరిచినా దీన్ని మరవరు.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి పడుకునే అలవాటు గురించి అప్పుడే ఒక చర్చ నడిచింది. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పది దాటాక గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. నీళ్లు చల్లితే ఆవిరయ్యే నీటితో పాటు వేడి కొంత పైకే పోతుంది. "నాయనమ్మ చెప్పింది ఇదేనా!" అన్నాడు పానగల్లు నుంచి వచ్చే కుర్రాడు. వాళ్ల పెంకుటింట్లో ఈ బాధే లేదని, పెంకులు తీసి స్లాబు వేశాకే మొదలైందని చెప్పాడు. పెంకుటిల్లు అనే మూస అప్పటిదాకా మా జాబితాలో లేదు.

మూడు తప్పులు కలిసి ఒక ఒప్పు

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. 612కూ 171కీ మధ్య తేడా ఎక్కడిది? ఇంటింటి లెక్క తెర మీద పరిచి, చేతిలో ఉన్న బిల్లులతో పోల్చి చూశాం. దాదాపు ప్రతి ఇంటికీ నమూనా రెండు మూడు రెట్లు ఎక్కువ చెబుతోంది. మరి మొత్తం ఎలా సరిపోయింది?

మొదటి తప్పు అందరికీ తట్టింది. మేం ఎక్కించుకున్న మూసలు చల్లటి దేశాల పద్ధతిలో రాసినవి. ఇంట్లోని ప్రతి గదీ, ప్రతి గంటా 24 డిగ్రీల దగ్గర ఉండాలని వాటిలో ముందే రాసిపెట్టి ఉంది. ఆ గడిని ఎవరూ తెరిచి చూడలేదు. తెరవమని నేనూ చెప్పలేదు. ఆ వీధిలో ఏసీ ఉన్న ఇళ్లలో కూడా అది ఒక్క పడకగదిలోనే ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వానల దాకా, రాత్రి పది తర్వాత, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి వేస్తారు. మిగిలిన ఇళ్లలో కూలరు. అదీ లేనిచోట ఫ్యాను, తడి గుడ్డ.

రెండో తప్పు బయటపడడానికి రెండు రోజులు పట్టింది. నివాస గృహాలని రాసుకున్న కప్పుల కింద ఏమేమి ఉన్నాయో మళ్లీ నడిచి చూశారు. ఒక షట్టరులో మంచినీళ్ల ప్లాంటు. ఫ్లోరైడుతో దశాబ్దాలు వేగిన జిల్లా కదా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు లేని వీధి ఉండదు. ఇంకో షట్టరులో పిండి గిర్ని. ఒక మేడ మీద విద్యార్థుల హాస్టలు, ఇంకోచోట రక్తపరీక్షల ల్యాబు, రెండు కూల్‌డ్రింకు ఫ్రిజ్‌లతో కిరాణా కొట్టు. పిండి గిర్ని మోటరు 10 హార్స్‌పవర్, అంటే ఏడున్నర కిలోవాట్లు. రోజుకు అయిదు గంటలు పూర్తి బరువుతో తిరిగితే 37 యూనిట్లు, నెలకు 1100 పైచిలుకు. ఆరేడు కుటుంబాలు నెలంతా వాడే కరెంటును ఒక్క షట్టరు నమిలేస్తుంటే మా నమూనా దాన్ని ముందుగదిగా లెక్కగట్టి ఒక టీవీ పెట్టింది.

మూడో తప్పు నాది.

ఎనర్జీప్లస్‌కు గంట గంటకూ వాతావరణ ఫైలు కావాలి. హైదరాబాదుకు సిద్ధంగా దొరుకుతుంది. అయితే హైదరాబాదు 500 మీటర్లకు పైబడిన పీఠభూమి మీద ఉంది, నల్లగొండ అంతకన్నా చాలా పల్లం. వేసవిలో రెండు మూడు డిగ్రీలు తేడా పడుతుంది. పైగా అలాంటి ఫైళ్లను వేర్వేరు సంవత్సరాల్లోంచి సగటుగా ఉన్న నెలలు ఏరి కుట్టి తయారుచేస్తారు. మేం పోల్చేది ఒక ఫలానా ఏడాది మే నెల బిల్లులతో. అందుకని యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే ఈఆర్ఏ5 సమాచారంలోంచి నల్లగొండ చుక్కకు ఆ ఏడాది ఎండ, ఉష్ణోగ్రత, తేమ దించి నేనే ఫైలు తయారుచేశాను. రాత్రి పూట, తొందరలో. ఆ సమాచారం గ్రీన్‌విచ్ కాలంలో ఉంటుంది. దాన్ని అయిదున్నర గంటలు జరపడం మరిచిపోయాను.

దీన్ని పట్టుకున్నది ఎలక్ట్రికల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి. నెల మొత్తాలు చూడడం మాని ఒక్క రోజు గంటల గీత గీశాడు. "మేడమ్, మన ఫైల్లో ఉదయం తొమ్మిదిన్నరకే వేడి పతాకస్థాయికి చేరింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పొద్దుగూకింది. అర్ధరాత్రి పన్నెండుంబావుకు తెల్లవారింది." గది గొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంకేం చేయను? సూర్యుడు ఏ గంటకు ఎక్కడుంటాడో సాఫ్ట్‌వేరు అక్షాంశ రేఖాంశాల నుంచి తనే లెక్కగడుతుంది. తెల్లవారకముందు ఫైలులో ఎండ కనిపిస్తే, సూర్యుడు ఇంకా దిగంతం కిందే ఉన్నాడని దాన్ని పక్కన పడేస్తుంది. అంటే నిజానికి ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా కాయాల్సిన ఎండ మా నమూనాలో ఆవిరైపోయింది. మూడు నెలలుగా మా నల్లగొండ సగం ఎండతో బతుకుతోంది.

ఇళ్లన్నిటా లేని ఏసీలు వేసి పెంచాం. పొద్దుటి ఎండ పోగొట్టి తగ్గించాం. గిర్నీలు, నీళ్ల ప్లాంటు వదిలేసి ఇంకా తగ్గించాం. మూడూ కొట్టుకుపోయి నూటికి మూడు తేడాతో నిలబడ్డాయి. ఆ అమ్మాయి చెయ్యెత్తకపోతే ఆ అంకెనే ఒక చార్టు మీద రంగుల్లో వేసి గోడకు తగిలించి ఉండేవాళ్లం.

దోషాన్ని కొలిచే రెండు కర్రలు

భవన నమూనా బిల్లులకు ఎంత దగ్గరగా ఉందో చెప్పడానికి వృత్తిలో ఆష్రే అనే అమెరికా ఇంజినీర్ల సంఘం మార్గదర్శకం 14లో చెప్పిన రెండు కొలతలు వాడతాం. ఒకటి పక్షపాత దోషం. తేడాలను కూడికలు తీసివేతలతో సహా కలిపి మొత్తంతో భాగిస్తాం. నెలవారీ లెక్కకు ఇది 5 శాతం లోపుండాలి. రెండోదానికి తేడాలను ముందు వర్గం చేసి తర్వాత సగటు తీసి, వర్గమూలం కట్టి సగటు బిల్లుతో భాగిస్తాం. అది 15 శాతం లోపుండాలి. ఇవి ఒక్క భవనం పన్నెండు నెలలకు చెప్పిన హద్దులు. ఆ అంకగణితాన్నే మేం ఒక్క నెలలోని ఇళ్లన్నిటికీ వాడి చూశాం.

బోర్డు మీద నాలుగు ఇళ్లు రాశాను. అసలు బిల్లులు ఒక్కోటి 200. నమూనా చెప్పినవి 400, 0, 350, 50. మొత్తం అటూ ఇటూ 800. పక్షపాత దోషం సున్నా. రెండో కొలత కట్టమన్నాను. తేడాల వర్గాలు 40000, 40000, 22500, 22500. సగటు 31250, మూలం సుమారు 177. దాన్ని 200తో భాగిస్తే 88 శాతం. ఒకే నమూనా, ఒక కర్రతో కొలిస్తే నూటికి నూరు మార్కులు, ఇంకో కర్రతో కొలిస్తే తప్పింది. ఆ రోజు తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పాఠం తలకెక్కినప్పటి నిశ్శబ్దం వేరు, నిద్ర నిశ్శబ్దం వేరు. ఇది మొదటిదే అని నా నమ్మకం.

క్యాలెండరు మీద పెన్సిలు అంకెలు

మూసలు మళ్లీ రాశాం. ఈసారి ఇంట్లోకి వెళ్లి అడిగి రాయాలన్నది నియమం. ఏ గదిలో ఎవరు, ఎన్ని గంటలకు పడుకుంటారు, కూలరులో నీళ్లు ఎవరు పోస్తారు, ఎన్నిసార్లు. ఎనర్జీప్లస్‌లో మన కిటికీ కూలరును ఉన్నదున్నట్టు పెట్టడం పిల్లలకు కష్టమైంది. దాన్ని ప్రస్తుతానికి 200 వాట్ల యంత్రంగా రాసి, గది ఉష్ణోగ్రత మీద దాని ప్రభావాన్ని విడిగా లెక్కగట్టాం. పొడిగాలి వీచే మేలో కూలరు బాగా పనిచేస్తుంది, జూలైలో గాలి చెమ్మగిల్లాక ఉక్కపోతే మిగులుతుంది. కాబట్టి గంటలు నెలనెలకూ మారాలి.

ఇక్కడే మాకు అన్నిటికన్నా విలువైన సంగతి దొరికింది. ఒక ఇంట్లో ఫ్రిజ్ పక్కన వేలాడుతున్న తెలుగు క్యాలెండరులో, తిథి నక్షత్రాల పక్కన, వారం వారం పెన్సిలుతో నాలుగంకెల సంఖ్యలు రాసి ఉన్నాయి. అవి మీటరు రీడింగులు. పిల్లలకు మంచినీళ్లిచ్చిన ఆ ఇంటావిడ చెప్పింది: "బిల్లు తీసిన రోజు నుంచి లెక్క పెట్టుకుంటాను బిడ్డా. నూట ఎనభై దాటితే కూలరు పగలు బంద్. రెండు వందలు దాటితే మొత్తం కట్టాలి కదా."

2024 నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న కుటుంబాలకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది. గీత దాటితే వాడినదంతా కట్టాలి. మేం బిల్లులన్నీ గుట్టపోసి చూస్తే మే నెలలో 180కీ 200కీ మధ్య పెద్ద గుంపు కనిపించింది, 200 దాటగానే ఒక్కసారిగా పలచబడింది. ఎండకు అలాంటి గీత తెలియదు. ఆ గీత క్యాలెండరు ముందు నిలబడిన మనిషిది.

లెక్క చేసి చూడండి. మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు పన్నెండు గంటలు: నెలకు 81 యూనిట్లు. ఫ్రిజ్‌కు రోజుకు ఒకటి చొప్పున 30. కూలరు 200 వాట్లు, పద్నాలుగు గంటలు: 84. మొత్తం 195. లైట్లు, టీవీ, మిక్సీ ఇంకా లెక్కలోకి రానేలేదు. అంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక గంట ఉక్కపోతను ఓర్చుకుంటున్నారు. ఎక్కువగా అది మధ్యాహ్నం ఒంటరిగా ఇంట్లో ఉండే మనిషి. ముప్పై వాట్ల లోపు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు పెడితే నెలకు దాదాపు 50 యూనిట్లు మిగులుతాయని, అవి కూలరు గంటలుగా మారతాయని పిల్లలే కట్టి చూపించారు. కరెంటు ఆదా కాదు, సుఖం పెరుగుతుంది. నివేదికలో దీన్ని లాభం అని రాయాలా నష్టం అని రాయాలా అన్నదాని మీద గట్టి వాదనే జరిగింది.

నమూనాలో 'గీత ఇల్లు' అని ఒక కొత్త రకం చేర్చాం. నెల వాడకం 180కి చేరగానే పగటి కూలరు ఆగిపోతుంది. ఇలాంటి నియమం నేను ఇంతకుముందు ఏ భవనానికీ రాయలేదు.

కప్పుకు తెల్ల రంగు

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి, సరిచేసిన నమూనాతో మొదట అడిగిన ప్రశ్న కప్పులకు తెల్ల పూత వేస్తే ఏమవుతుందని. నల్లబడ్డ పాత డాబా తన మీద పడ్డ ఎండలో నాలుగింట మూడొంతులు తాగితే, కొత్త తెల్ల పూత మూడోవంతు కన్నా తక్కువే తాగుతుంది. జవాబు పిల్లల్ని ఇబ్బంది పెట్టింది. ఏసీ ఉన్న ఇళ్లకు యూనిట్లలో చక్కటి ఆదా వచ్చింది. రేకుల పెంట్‌హౌస్‌లో అద్దెకున్న కుటుంబానికి ఆదా దాదాపు ఏమీ లేదు. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒక ఫ్యాను. కప్పు చల్లబడ్డా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. యూనిట్ల ఆదా ప్రకారం వరస పెడితే ఆ రేకుల కప్పు జాబితా అట్టడుగున పడింది.

అదే నమూనాను ఇంకో ప్రశ్న అడిగాం. గదిలో 35 డిగ్రీలు దాటిన గంటలు ఎన్ని తగ్గాయి? జాబితా తలకిందులైంది. రేకుల కప్పు మొదటి స్థానానికి వచ్చింది. 2015 మేలో వడగాలులకు ఈ రాష్ట్రంలో వందల మంది పోయారు. ఇళ్లలో ఎవరు ఏ కప్పు కింద ఉన్నారో కరెంటు బిల్లు చెప్పదు. నివేదికలో రెండు వరసలూ పక్కపక్కన పెట్టాలని విద్యార్థులు పట్టుబట్టారు. నేను మొదట ఒక్కటి చాలన్నాను. వాళ్ల మాటే నెగ్గింది.

ఊరంతటికీ విస్తరించే పని చివరి రెండు వారాల్లో ముగించాం. దాని గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది మూసలతో గడియారం సెంటరు చుట్టుపక్కల వార్డులకు పరిచాం. వీధి స్థాయిలో దొరికిన నమ్మకం అక్కడ లేదు. ప్రకాశం బజారులో కింద దుకాణం, పైన గోదాము, ఆపైన ఇల్లు ఉన్న పాత భవనాల దగ్గర మా మూసలు చేతులెత్తేశాయి. ఆ వార్డుల రంగుల పటాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

సరిచేశాక రామగిరి ట్రాన్స్‌ఫార్మర్ మొత్తానికి తేడా మూడు శాతం నుంచి పదకొండుకు పెరిగింది. ఇళ్ల మధ్య దోషం మాత్రం సగానికి పైగా తగ్గింది. మిగిలిన పదకొండులో లైను నష్టం ఎంతో, మా కంట పడని షట్టర్లు ఎన్నో విడదీయలేకపోయాం. మూల్యాంకనానికి వచ్చిన పరిశీలకుడు మొదటి ఫలితమే బాగుంది కదా అని అడిగారు. 171 బిల్లు అమ్మాయి లేచి బోర్డు మీద నాలుగు ఇళ్లు రాసింది. 400, 0, 350, 50.

ఈ ఏడాది కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు సాఫ్ట్‌వేరు పేరు కూడా చెప్పలేదు. మీ ఇంటి మీటర్ల బోర్డు ముందు నిలబడి, ఏ మీటరు దేనిదో రాసుకు రమ్మన్నాను. తిప్పర్తి వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి కాగితంలో ఇలా ఉంది: "మీటర్లు మూడు. ఇల్లు ఒకటి, బోరు ఒకటి. మూడోది బర్రెల కొట్టానిది. కొట్టంలో రెండు ఫ్యాన్లు, మే నెలలో రాత్రంతా తిరుగుతాయి. మా తాత అక్కడే పడుకుంటాడు."

మూసల జాబితాలో పదోది చేర్చాం.